బంగాళదుంపల పాటకి అవతలి వైపు

యాపిల్టన్, విస్కాన్సిన్
సెప్టెంబరు 16, 1996

డెల్ఫీన్ అక్కకి,

నీ దగ్గు తగ్గిందా? ఆ అరిజోనా ఎండ నీ ఊపిరితిత్తులకి పడుతోందని విని సంతోషించాను. ఇక్కడ నా ప్రాణం మాత్రం మా ఆయన తోడేస్తున్నాడు.

పేపరు మిల్లులో రిటైరైన మగవాళ్ళు చేపలు పడతారు, తోట తవ్వుకుంటారు, లేదా తాగుతారు. వీటిలో ఏది చేసినా నేను సర్దుకుపోయేదాన్ని. లైల్ రికార్డులు పోగుచేస్తున్నాడు. పోనీ నలుగురికీ తెలిసిన పాటగాళ్ళవా అంటే అవీ కావు. అప్పట్లో వారపత్రికల చివరి పేజీల్లో ప్రకటనలు వచ్చేవి, గుర్తుందా? "మీ కవిత పంపండి, పాట కట్టి రికార్డు వేసిస్తాం" అని. ఫీజు పంపిన ప్రతివాడి రాతకీ ఏదో ఒక బాణీ తగిలించి, ఒక్కో పాటా ఒకేసారి, వచ్చినట్టు పాడించేసి, ఇద్దరి పాటలు ఒకే రికార్డుకి రెండు వైపులా ఎక్కించి, నాలుగు కాపీలు పోస్టులో పంపేవాళ్ళు. ఆ రికార్డులు ఇన్నాళ్ళూ జనం అటకల మీద మగ్గి, ఇప్పుడు వేలంపాటల్లోకి వస్తున్నాయి. వాటి కోసం దేశమంతా కలిపి ఓ అరవైమంది వెర్రివాళ్ళున్నారు. అందులో ముగ్గురు రెండు వారాలకోసారి శనివారం మధ్యాహ్నం మా ఇంటి కింది గదిలో కూర్చుంటారు.

ముగ్గురిలో పెద్ద థీల్ మాస్టారు. హైస్కూల్లో ముప్పై ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పి, ఆ కళ్ళద్దాలతోనే ఇప్పుడు రికార్డుల మీద గీతలు చదువుతున్నాడు. రెండోవాడు గోర్డీ, పాల ట్యాంకరు తోలుతాడు, నన్ను వదినా అంటాడు, నా సాసేజీలు ఆరు తింటాడు. మూడోవాడు నా మొగుడు. వీళ్ళకో నియమం. రికార్డు తిరుగుతున్నంతసేపూ ఎవరూ నోరెత్తకూడదు. ముల్లు లేచాక, ఆ మాటలు రాసినవాడు ఎవడు, ఏం చేస్తుండేవాడు, ఎవరి కోసం రాశాడు అని ఒక్కొక్కరూ ఊహించి చెప్పాలి. ఏడాదికోసారి మంచివన్నీ ఒక టేపులోకి ఎక్కించి, కింద వివరాలు అచ్చువేసి, ఆ అరవైమందికీ పంపుతారు. ఈ ఏడాది టేపు నవంబరులో వెళ్ళాలి.

మొన్న శనివారం గోర్డీ యాంటిగో దగ్గర ఒక వేలంలో దొరికిందని ఒక రికార్డు తెచ్చాడు. నేను పళ్ళెం పట్టుకుని మెట్ల మీద ఉన్నాను. పాట మొదలైంది. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి, అక్కా.

"పందొమ్మిది పొద్దులు కిటికీ ఇవతల నిలబడి
నిన్ను చూశాను, డార్లింగ్, తాకనేలేదు.
ఇరవయ్యో పొద్దు ఒంటరిగా వచ్చింది,
నువ్వెక్కడని నన్నడిగింది."

పాడినవాడు గుర్రం మీద సంతకి పోతున్నవాడిలా హుషారుగా పాడాడు. అయినా ముల్లు లేచేసరికి లైల్ కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"పక్కింటావిడే," అన్నాడు గోర్డీ. "కిటికీలోంచి చూడ్డమంటే ఇంకేముంటుంది అన్నా? ఆవిడ ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయుంటుంది."

"కాదయ్యా. ఇతను లారీ డ్రైవరు. పందొమ్మిది రోజుల ట్రిప్పు. అది లారీ కిటికీ," అన్నాడు మాస్టారు.

"ఎవడైనా కానీ, ప్రాణం పెట్టి రాశాడు మహానుభావుడు," అన్నాడు మా ఆయన.

రాశాడట! ఆ లేబుల్ మీద యూజీన్ కెట్నర్ అని ఉంది. తర్వాత రికార్డు తిరగేశారు. అవతలి వైపు బంగాళదుంపలు తవ్వే యంత్రం మీద పాట. "ఎర్రరంగు పూసుకున్న నా రెండు సాళ్ళ రాణీ" అని మొదలై, గేరు డబ్బా దాకా వర్ణన. ముగ్గురూ కడుపు పట్టుకుని నవ్వారు. అప్పుడు లైల్ లేబుల్ చదివాడు. మాటలు: ఆర్లా బ్రాంట్. నా పుట్టింటి పేరు!

"ఒసే ఆర్లా! నువ్వా! ఇన్నేళ్ళూ నా పక్కనే పడుకుని నాకు చెప్పలేదే!" అని నన్నెత్తి గిరగిరా తిప్పబోయాడు. నడుం పట్టేసి మధ్యలో దింపేశాడు.

"అది నాది కాదు. మొదటిది నాది. పేర్లు తారుమారయ్యాయి," అన్నాను.

ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. "అందరూ అలాగే అంటారు వదినా," అన్నాడు గోర్డీ, నా భుజం తట్టి.

నీకు కూడా ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. రోజెల్లా పోయిన ఆరు నెలలకి రాశాను. కిటికీ అంటే ఆస్పత్రిలో నెలలు నిండని పిల్లల గది అద్దం. తల్లిని కూడా లోపలికి రానివ్వని రోజులవి, నీకు తెలుసుగా. రోజెల్లా అని రాసిన ప్రతి చోటా ఆ కంపెనీ వాళ్ళు డార్లింగ్ అని పెట్టారు. లైల్‌కి తెలియకూడదని పుట్టింటి పేరుతో, అమ్మ వాళ్ళ చిరునామాకి తెప్పించుకున్నాను. ఆ గుర్రంవాడి గొంతు ఒక్కసారి విని, లేబుల్ కూడా చూడకుండా కాపీలన్నీ ఇల్లు వేడిచేసే కొలిమిలో పడేశాను. వారం రోజులు ఇల్లంతా కంపు. ఎలుక చచ్చిందని లైల్ గోడలు తట్టి తట్టి వెతికాడు.

రికార్డు గాడి పక్కన గీసిన నంబర్లన్నీ కంఠతా చెప్పే మనిషికి పందొమ్మిది లెక్కపెట్టడం రాదా అక్కా?

నీ చెల్లెలు,
ఆర్లా


యాపిల్టన్
అక్టోబరు 7

అక్కా,

నీ ఉత్తరం అందింది. "నోరు తెరిచి వాడికి చెప్పొచ్చు కదే మొద్దూ" అని రాశావు. పాట నాదని చెప్పాను. ఒకసారి కాదు, మూడుసార్లు చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది.

మాస్టారు ఒక పెద్ద ఫైలు తెచ్చాడు. అందులో ఆ కంపెనీ రికార్డుల జాబితా. దాన్లో కూడా కెట్నర్ వైపు కెట్నరే, నా వైపు నేనే. ఆ జాబితా ఎలా తయారైందని అడిగాను. "లేబుళ్ళు చూసి నేనే రాశానండీ," అన్నాడు గర్వంగా. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని ఇంతకంటే శుభ్రంగా ఎవరు చెప్పగలరు!

పోనీ అని పాట మొత్తం అప్పజెప్పాను. "మూడు వారాలుగా వింటున్నారు కదండీ, నోటికి వచ్చేసి ఉంటుంది," అన్నాడు. కంపెనీ వాళ్ళు కోసేసిన చరణం కూడా చెప్పాను. "అబ్బ, భలే అల్లారండీ," అన్నాడు. ఎవరి కవిత వాళ్ళకి ఎప్పుడూ ఉన్నదానికంటే గొప్పగా గుర్తుంటుందట. ముప్పై ఏళ్ళ కిందటి మాట కాబట్టి జ్ఞాపకం జారిపోతుందట, లేబుల్ జారదట. నేను ఆ బల్ల మీది గ్లాసు ఆయన మీదికి విసరలేదంటే అది ఆయన పుణ్యం.

లైల్ సంగతి ఇంకా ఘోరం. మాస్టారు నన్ను నమ్మడు. లైల్ నన్ను ఓదారుస్తాడు. "ఒప్పుకోడానికి సిగ్గెందుకే? దుంపల పాట కూడా ముచ్చటగానే ఉంది. నాకైతే గేరు డబ్బా లైను చాలా ఇష్టం," అంటాడు. పళ్ళు తోముకుంటూ కూడా అదే కూనిరాగం. కెట్నర్ పాటైతే తలుపేసుకుని ఒక్కడే వింటాడు. కళ్ళు ఎర్రగా చేసుకుని బయటికొస్తాడు.

ఇక నువ్వడిగింది. అది ఎవరి మీద రాశానో మాత్రం లైల్‌కి చెప్పలేదు. చెప్పను. ఇరవై తొమ్మిదేళ్ళు, అక్కా. పిల్ల పోయిన వారంలోనే ఉయ్యాల మంచం మరలు విప్పి ఎవరికో ఇచ్చేశాడు. నాతో ఒక్కసారైనా స్మశానానికి రాలేదు. దాని పేరు ఆ నోటి వెంట నేను వినలేదు. తర్వాత మాకు పిల్లలు పుట్టలేదన్న సంగతి కూడా మాట్లాడుకోలేదు. "నీదేనంటున్నావు కదా, ఎవరి కోసం రాశావే?" అని ఒక్క ముక్క అడిగితే అన్నీ చెప్పేస్తాను. ముక్కూ మొహం తెలియని కెట్నర్ ఎవరి కోసం ఏడ్చాడా అని మూడు వారాలుగా బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాడు. కట్టుకున్నదాన్ని అడగడానికి నోరు రాదు.

మాస్టారు యాంటిగో ఫోను పుస్తకంలోని కెట్నర్లందరికీ ఫోను చేసి ఆ కవి భార్యని పట్టుకున్నాడు. కవి పోయి పదేళ్ళయిందట. ఆవిడకి ఎనభై నాలుగు. నవంబరు రెండున టేపు రికార్డరు పట్టుకుని అందరూ వెళ్తారు. భర్త రాసిన ప్రేమపాట వినిపించి, ఆవిడ చెప్పింది రాసుకుని, టేపు పోస్టు చేస్తారు. నన్నూ రమ్మన్నారు, తోటి కవయిత్రినని!

వెళ్తాను. అక్కడ కూడా లైల్ నన్ను అడక్కపోతే నీ దగ్గరికి వచ్చేస్తాను. చలికాలానికి కాదు, మొత్తానికే. ఒక మంచం ఖాళీ చేసి ఉంచు.

ఆర్లా


అక్టోబరు 21

అక్కా,

రెండు ముక్కలే. ఈ కోపంలో అంతకంటే రాయలేను.

శుక్రవారం చేపల వేపుడుకి అందరం ఊళ్ళో భోజనాల హోటలు సప్పర్‌క్లబ్‌కి వెళ్ళాం. హాలు నిండా జనం, మిల్లు వాళ్ళే సగం మంది. లైల్ రెండు బ్రాందీలు పడగానే లేచి గ్లాసు మీద ఫోర్కుతో కొట్టి, "అందరూ వినండి, మా ఆవిడ కవయిత్రి!" అన్నాడు. అని, రెండు సాళ్ళ రాణి పాట మొత్తం, గేరు డబ్బాతో సహా, గొంతెత్తి పాడాడు. హాలు హాలంతా చప్పట్లు. వంటవాడు బయటికొచ్చి నాకు చెయ్యి కలిపి, బంగాళదుంపల ప్యాన్‌కేకులు ఇంకో రెండు ఉచితంగా వేశాడు.

నేను నవ్వాను. ఏం చెయ్యను? లైల్ ముఖం అంత వెలిగిపోతోంది.

నవంబరు ఐదుకి బస్సు టిక్కెట్టు కొనేశాను.

ఆర్లా


యాపిల్టన్
నవంబరు 4

డెల్ఫీన్ అక్కా,

మంచం ఖాళీ చేసి ఉంటే మళ్ళీ ఎవరికైనా ఇచ్చెయ్యి. ఎందుకో రాస్తాను, ఓపిగ్గా చదువు.

శనివారం పొద్దున బయల్దేరాం. మాస్టారూ గోర్డీ ఒక బండిలో, మేమిద్దరం మా కారులో. దారి పొడుగునా నేను కిటికీ వైపే తిరిగి కూర్చున్నాను. లైల్ గమనించాడో లేదో తెలియదు. కెట్నర్ గారి భార్య హుల్డా. పొలాలన్నీ కౌలుకిచ్చేసి, ఒక్కతే ఉంటోంది. పొట్టి మనిషి, పెద్ద గొంతు. మా అందరికీ కాఫీ పోసి, ఆపిల్ కేకు ముక్కలు పెట్టి, "ఊఁ, పెట్టండి బాబూ, మా ఆయన ఏం కూశాడో వింటాను," అంది.

మాస్టారు గొంతు సవరించుకుని, ఇది మీ భర్త మీకోసం రాసిన అపురూపమైన ప్రేమగీతం అని చిన్న ఉపన్యాసం ఇచ్చి మీట నొక్కాడు. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా వింది. పాట అయిపోయింది.

"ఇది యూజీన్‌ది కాదు," అంది.

"అమ్మా, లేబుల్ మీద..."

"లేబుల్ సంగతి నాకు చెప్పకు. మా ఆయనది దుంపల యంత్రం పాట. అరవై ఆరులో కొన్నాడు దాన్ని. నాకు పెళ్ళిలో ఉంగరం కూడా అంత ముద్దుగా తొడగలేదు. రికార్డు వచ్చిన రోజే పేర్లు మారిపోయాయని గింజుకున్నాడు. కంపెనీకి ఉత్తరం రాస్తే జవాబు లేదు. మళ్ళీ వెయ్యి, ఇందాకటిది."

మాస్టారు ముఖంలో రక్తం లేదు. మళ్ళీ వేశాడు. ఈసారి ఆవిడ సగంలోనే చెయ్యెత్తి ఆపించింది.

"ప్రేమగీతమా? మీకు బుద్ధుందా బాబూ? ఏ ఆడదైనా మొగుడితో గడిపిన పొద్దులు లెక్కపెట్టుకుంటుందా? ఇది పసిపిల్ల గురించి. ఆ కిటికీ ఆస్పత్రిలో కిటికీ. పిల్లలు అవతల, మనం ఇవతల. నేను పదకొండు రోజులు నిలబడ్డాను అలాంటి దాని ముందు. ఎవరో పాపం పందొమ్మిది రోజులు నిలబడింది."

గోర్డీ కేకు నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోయాడు. ఆవిడ ఒక్కొక్కరినీ చూసి, నా దగ్గర ఆగింది. "నువ్వేనా అమ్మాయ్?" అంది. నేను తలూపాను. ఆవిడ లేచొచ్చి నా కప్పులో ఇంకాస్త కాఫీ పోసి, "ఆడపిల్లా?" అని అడిగింది. అంతే, అక్కా. ఇరవై తొమ్మిదేళ్ళుగా నాకు కావలసిన ప్రశ్న, ఒక ముసలావిడ కాఫీ పోస్తూ అడిగేసింది. నేను భోరుమన్నాను.

తలెత్తేసరికి లైల్ కుర్చీ ఖాళీగా ఉంది. వెళ్ళి కారులో కూర్చున్నాడు. నా గుండె రాయైపోయింది. సరే, బస్సు టిక్కెట్టు ఉండనే ఉంది అనుకున్నాను.

తిరుగుదారిలో పది మైళ్ళు దాటాక లైల్ మూసేసిన ఒక ఐస్‌క్రీం కొట్టు ముందు బండి ఆపాడు. స్టీరింగు వదల్లేదు.

"పందొమ్మిది కాదే, ఇరవై," అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇప్పుడు నా పాటకి తప్పులు కూడా దిద్దుతావా?" అన్నాను.

"ఇరవై, ఆర్లా. నేను లెక్కపెట్టాను. పందొమ్మిదో రోజు సాయంత్రం నువ్వు నిలబడలేక తూలిపోతున్నావు. ఇంటికెళ్ళి పడుకోమని నేనే పంపించాను. తెల్లారి ఆరింటికి షిఫ్టు దిగి అటే పోయాను. అప్పటికింకా పిల్ల బతికే ఉంది. డ్యూటీ నర్సు నన్ను చూసి, ఇంక ఎక్కువసేపు లేదండీ, లోపలికి రండి, రూల్సు నేను చూసుకుంటాను అంది. కుర్చీ వేసింది. నా చేతుల్లో పెట్టింది. నా చొక్కా అంతా మిల్లు కంపు. ఏడుంబావు దాకా ఉంది."

"రాత్రే పోయిందన్నావు."

"అన్నాను."

"ఎందుకు లైల్? ఎందుకు?"

"నువ్వు పందొమ్మిది రోజులు ఆ అద్దం ముందు నిలబడ్డావు. ఒక్కసారైనా తాకలేదు. నేను నిన్ను ఇంటికి పంపించేసి, నీ పిల్లని నేనెత్తుకున్నాను. ఆ మాట నీకు ఏ ముఖం పెట్టుకుని చెప్పను? ఒకరోజు ఆలస్యమైంది. తర్వాత ఏడాది. తర్వాత ఇంక నోరు రాలేదు. రోజెల్లా అంటే చాలు, మొత్తం బయటికొచ్చేస్తుందని ఆ పేరే ఎత్తలేదు."

కొట్టాను, అక్కా. అబద్ధం ఎందుకు, రెండు చేతులతో ఆ భుజం మీద బాదాను. ఈ మనిషి మీద ఇరవై తొమ్మిదేళ్ళు నేను పెంచిన కోపం అంతా తప్పు చిరునామాకి పోయింది. సరైన చిరునామాకి పంపడానికి ఇంకో కోపం కొత్తగా పుట్టుకొచ్చింది. కొట్టి కొట్టి అలిసిపోయి, "మొత్తం చెప్పు. మొదట్నించీ. ఒక్కటీ వదలకు," అన్నాను. చెప్పాడు. ఎంత బరువుంది, ఏ దుప్పటి చుట్టారు, ఎలా మూలిగింది, తను ఏం పాట పాడాడు. మధ్యలో తెలిసిన వాళ్ళెవరో బండి ఆపి, ఇంజను పాడైందా అని అడిగారు. వెళ్ళవయ్యా బాబూ అన్నాను.

నిన్న ఆదివారం అయినా మాస్టారు ఇంటికొచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని నాకు క్షమాపణ చెప్పాడు. బాగానే చెప్పాడు గానీ, చివర్లో కాగితం తీశాడు. టేపు కింద వేసే వివరం దిద్దుకొచ్చాడట. "లేబుళ్ళు తారుమారైనవి. మౌఖిక సాక్ష్యం ప్రకారం." ఆ పక్కన ఒక ప్రశ్నార్థకం! నేను ఆ ప్రశ్నార్థకాన్ని పెన్సిలుతో కొట్టేసి, "ఇంకో వాక్యం వెయ్యండి. ఇరవయ్యో పొద్దు ఒంటరిగా వచ్చిందన్న లైను తప్పు. అది రచయిత్రికి అప్పుడు తెలియదు," అన్నాను.

"దానికి ఆధారం ఏమిటండీ?" అన్నాడు. అలవాటు చావదు కదా.

లైల్ వంటగదిలోంచి వచ్చాడు, చేతులు తుడుచుకుంటూ. "ఆధారం నేను. రోజెల్లా వాండెహే తండ్రిని. రాసుకోండి మాస్టారూ," అన్నాడు. ఆయన రాసుకున్నాడు. పేరుకి అక్షరాలు కూడా అడిగి రాసుకున్నాడు.

బస్సు టిక్కెట్టు వెనక్కి ఇచ్చేశాను. గురువారం ఇద్దరం స్మశానానికి వెళ్తున్నాం. దారి తనకి తెలియదు, నేనే చూపించాలి. అది తలుచుకుంటే ఇంకా చిర్రెత్తుతోంది, అది వేరే సంగతి.

తను చెప్పినవన్నీ ఉత్తరంలో పట్టవు. ఒక్కటి మాత్రం రాస్తాను. నేను చూసినన్నాళ్ళూ అది నిద్రలోనే ఉండేది. ఆ పొద్దున కాసేపు కళ్ళు తెరిచిందట. బూడిదరంగట అక్కా, అచ్చం మన అమ్మకి ఉన్నట్టు.

నీ చెల్లెలు,
ఆర్లా